మెలి తీసేముందు గంటన్నర

ఆడ డాక్టరు వచ్చిందని తెలిశాక పల్నాటి రైతులు ముందు నా చేతులు చూసేవాళ్ళు. పశువుల ఆసుపత్రిలో చేరిన కొత్తలో నాకది ఇబ్బందిగా ఉండేది. కారణం తర్వాత తెలిసింది. ఈనలేక అవస్థపడే గేదె లోపలికి పోవాల్సింది డాక్టరు చెయ్యే కదా. అది సన్నగా ఉంటే గేదెకూ సుఖం, డాక్టరుకూ సుఖం. మా కాంపౌండరు గారు ఊళ్ళలో నన్ను పరిచయం చేసేటప్పుడు నా డిగ్రీ సంగతి ఎత్తేవారు కాదు. "మేడం గారి చెయ్యి చానా సన్నం" అనేవారు. అంతటితో నా మీద నమ్మకం కుదిరిపోయేది.

ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది?" అని అడుగుతుంటారు. ఏదో గొప్ప ఆపరేషన్ గురించి చెబుతానని వాళ్ళ ఆశ. నాకు మాత్రం మొదట గుర్తొచ్చేది ఒక ట్రాక్టరు మెకానిక్ భార్య నన్ను అడిగిన ప్రశ్న.

అప్పుడు నా పోస్టింగ్ నడికుడికీ గురజాలకూ మధ్య ఒక ఊళ్ళో. రెండు గదుల ఆసుపత్రి. నేను, కాంపౌండరు గారు. ఆయనకు అప్పటికే పాతికేళ్ళ సర్వీసు. నాకు పదకొండు నెలలు.

ఒకరోజు పొద్దున్నే మెకానిక్ మోటారుసైకిల్ మీద వచ్చాడు. చేతుల గ్రీజు కూడా కడుక్కోలేదు.

"బర్రె నిన్న పొద్దుట్నుంచి నొప్పులు పడతా ఉంది మేడం. ఈనట్లేదు. ఉమ్మనీటి తిత్తి కూడా కనపళ్ళేదు" అన్నాడు.

మేం వెళ్ళేసరికి రేకుల పాకలో గేదె నిలబడి ఉంది. మాటిమాటికీ మెడ తిప్పి పొట్టవైపు చూసుకుంటోంది, కాళ్ళు మార్చి మార్చి వేస్తోంది. దాని నుదురు నిమురుతూ మెకానిక్ భార్య పక్కనే ఉంది. నాకన్నా పదేళ్ళు పెద్దది. ఆ రోజు నుంచి ఆమెను నేను అక్కా అనే పిలిచాను.

సబ్బు రాసుకుని చెయ్యి లోపలికి పెట్టాను. మణికట్టు దాటగానే దారి పక్కకు తిరిగిపోయింది. తడిబట్టను పిండితే పడే మెలికల్లాంటివి వేళ్ళకు తగిలాయి. గర్భసంచి మెలిపడింది. నిండు చూడి గేదె పడుకుని లేచేటప్పుడో, కాలు జారినప్పుడో ఒక్కోసారి లోపలి సంచి దూడతో సహా తిరిగిపోతుంది. ఇక దూడ బయటికి రాదు. సంచికి రక్తం తెచ్చే నాళాలు కూడా ఆ మెలికలో పడి నలిగిపోతాయి.

దీనికి చేసే వైద్యం చూడటానికి మోటుగా ఉంటుంది. గేదెను తాళ్ళతో పడేసి, కాళ్ళు కట్టి, పొట్ట మీద పొడుగాటి చెక్క ఆనిస్తాం. చెక్క కింది కొస నేల మీద ఉంటుంది. అక్కడ బరువైన మనిషి ఒకరు నిలబడతారు. మిగతావాళ్ళు గేదెను మెలి పడ్డ వైపుకే దొర్లిస్తారు. చెక్క కింద సంచి కదలకుండా ఉంటుంది, గేదె శరీరం తిరుగుతుంది. అలా మెలి విడిపోతుంది.

పుస్తకంలో చదివినది చదివినట్టు చేశాను. చెక్క మీద నిలబడటానికి వీధి చివరి చిల్లరకొట్టు ఆయన్ని పిలిచారు. ఊళ్ళో అంతకు మించిన బరువు లేదని అందరూ ఏకగ్రీవంగా తేల్చారు. రెండోసారి దొర్లించగానే నల్లటి నీళ్ళు భళ్ళున వచ్చాయి. చెయ్యి పెడితే దారి తిన్నగా ఉంది. మొత్తం రెండు నిమిషాల పని. లాగి తీసిన దూడ చచ్చిపోయి ఉంది. అది ముందే అనుకున్నదే. గేదె మాత్రం లేచి నిలబడింది. బకెట్టులో తవుడు నీళ్ళు పెడితే తాగింది. చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను మెచ్చుకుంటుంటే, కాంపౌండరు గారు అదంతా తన ఘనతే అన్నట్టు నవ్వారు. అక్క టీ తెచ్చింది.

ముప్పావుగంట గడిచిందేమో. గేదె చెవులు వేలాడేసింది. ఒళ్ళంతా వణుకు పుట్టింది. ఊపిరి ఎగశ్వాసలా మారింది. నేను బ్యాగు తెరిచి, తోచిన సూదిమందల్లా వేశాను. అది ముందు కాళ్ళ మీదకి ఒరిగి, పక్కకు పడి, అక్క చేతుల్లోనే పోయింది.

ఎవరూ ఏడవలేదు. అక్క దాని తల మెల్లగా నేలకు దించి నావైపు చూసింది.

"రోజు పైనే మెలిపడి ఉన్నా నిలబడింది గదా డాక్టరమ్మా. మెలి తీసినాక ఎందుకు పోయింది?"

కాంపౌండరు గారు నా చెవి దగ్గరికి వంగి, "గుండె ఆగిందని చెప్పండి మేడం. గొడవుండదు" అన్నారు. నేను తల పైకెత్తి, "గుండె బలహీనంగా ఉందక్కా. తట్టుకోలేకపోయింది" అన్నాను.

ఆమె లేచి నిలబడింది. "అయితే కోసి సూపిచ్చండి" అంది.

మెకానిక్ కసురుకున్నాడు. "ఏమే, మతి పోయిందా? సచ్చినదాన్ని కోస్తే ఏమొస్తది?"

"ఏమీ రాదు. తెలుస్తది."

ఊరి బయట గొయ్యి తవ్వించి అక్కడే కోశాను. నా సర్వీసులో నన్ను పోస్టుమార్టం చెయ్యమని అడిగిన మొదటి రైతు ఆమే. చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యకుండా నిలబడి చూసింది. గర్భసంచి నేరేడుపండు రంగులో ఉబ్బిపోయి ఉంది. ఊపిరితిత్తులు బరువెక్కి, కోస్తే నురగ వచ్చింది.

"గుండె ఏది?" అని అడిగింది.

చూపించాను.

"ఇది బాగానే ఉన్నట్టుంది గదమ్మా?"

ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది. "బాగానే ఉందక్కా" అన్నాను. "మరి గుండె అన్నావు?" అంది. "తెలియక అన్నాను" అని ఒప్పుకున్నాను. కాంపౌండరు గారు గొయ్యి లోతు కొలిచే పనిలో పడిపోయారు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మెలి ఉన్నంతసేపు బతికిన గేదె, మెలి పోయాక ఎందుకు చచ్చిపోయింది? వారం తర్వాత మా కాలేజీలో పాఠం చెప్పిన సారుకు ఫోన్ చేశాను. ఆయన అంతా విని, "ఎంతసేపట్లో విప్పావు?" అన్నారు.

"రెండు నిమిషాల్లో సార్." ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతులో ఇంకా కొంచెం గర్వం ఉంది.

"తేడా అక్కడే వచ్చిందేమో" అన్నారాయన.

ఆ తర్వాత ఆయన చెప్పింది ఇది. రక్తం అందకపోతే కండ పాడవుతుందని అందరికీ తెలుసు. చాలాసేపు అందక, మళ్ళీ ఒక్కసారిగా అందినా పాడవుతుంది. ఆకలితో నీరసించిన కణాలు అప్పుడు వచ్చిపడే ప్రాణవాయువును సరిగ్గా వాడుకోలేవు. అదే వాటిని కాల్చేస్తుంది. అన్ని గంటలుగా అక్కడ పోగైన చెడు కూడా తిరిగొచ్చిన రక్తంతో పాటు ఒళ్ళంతా పాకుతుంది. ఊపిరితిత్తుల్లో కనిపించిన నురగ అదే అయ్యుండొచ్చు.

"మరి మెలి తియ్యకుండా ఎలా సార్?"

"తియ్యాలి. తీసేముందు గేదెను సిద్ధం చెయ్యాలి. సెలైన్ బాగా ఎక్కించు. వాపు తగ్గించే మందు, విటమిన్ సూది ముందే వెయ్యి. తర్వాత ఆగి ఆగి తిప్పు. రక్తం కొంచెం కొంచెంగా రానీ." ఫోన్ పెట్టేసేముందు, "ఇందులో కచ్చితంగా తేలింది తక్కువే. నువ్వు చూసింది చూసినట్టు రాసి పెట్టుకో" అన్నారు.

మరుసటి ఆదివారం అక్క ఇంటికి వెళ్ళి ఇదంతా చెప్పాను. చెప్పాల్సిన అవసరం లేదని కాంపౌండరు గారి అభిప్రాయం. ఆమె శ్రద్ధగా విని, "ఎండిపోయి బీటలేసిన పిల్లకాలవకి సాగర్ నీళ్ళు ఒక్కసారే ఇడిస్తే గట్లు తెగినట్టా?" అంది. నేను పది నిమిషాలుగా చెబుతున్నది ఒక్క మాటలో తేల్చేసింది. తర్వాత నేను రైతులకు చెప్పినప్పుడల్లా ఆ మాటే వాడుకున్నాను. ఆమెది అని మాత్రం చెప్పలేదు. అదీ ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

అప్పటి నుంచి మెలి కేసు వస్తే ముందు సెలైన్ పెట్టడం మొదలుపెట్టాను. కాంపౌండరు గారికి అది నచ్చలేదు. "మేడం, ఇట్టాంటియి చానా చూశా. కొన్ని లేస్తయ్, కొన్ని పోతయ్" అనేవారు. అయినా చలికాలంలో బాటిళ్ళు చల్లగా ఎక్కకూడదని వేణ్ణీళ్ళ బకెట్లో పెట్టి, తన తుండుగుడ్డ కప్పేది ఆయనే. కొన్ని గేదెలు బతికాయి, కొన్ని పోయాయి. ఏది దేనివల్లో నాకు తెలిసేది కాదు.

రెండేళ్ళ తర్వాత, మిరపకోతల రోజుల్లో, అక్క వాళ్ళ ఊరి మాజీ సర్పంచి దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆయన దొడ్లో ముర్రా గేదె. ముందురోజు మధ్యాహ్నం నుంచి నొప్పులు. మేం వెళ్ళేసరికి ఇరవై మంది దాకా పోగై ఉన్నారు. ఆవరణంతా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. గేదెను పడేయడానికి చోటు కోసం కాయల్ని పక్కకు నెడుతుంటే ఘాటు లేచి, గేదెతో సహా అందరం తుమ్ముతున్నాం. ఓ పక్క గోడ నీడలో నలుగురు ఆడకూలీలు కూర్చుని రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్నారు. వాళ్ళలో అక్క ఉంది. గేదె పోయాక ఆమె కూలికి వెళుతోందని నాకు అప్పటిదాకా తెలియదు.

చెయ్యి పెట్టి చూశాను. మెలి సగమే పడింది. సందు బాగా ఇరుకు. నా చెయ్యి కాబట్టి పట్టింది. వేలి కొసలకు దూడ కాలు తగిలింది. గిట్టల సందున గిల్లాను. కాలు వెనక్కి లాక్కుంది.

దూడ బతికే ఉంది.

ఒక్క క్షణం చెయ్యి అలాగే ఉంచాను. సంచి గోడ దళసరిగా, ఉబ్బి ఉంది. గేదె నాడి బాగా బలహీనంగా ఉంది. ఇప్పుడే తిప్పితే దూడ దక్కొచ్చు, గేదె పోవచ్చు. ఆగితే గేదె దక్కొచ్చు, దూడ పోవచ్చు. చెయ్యి తీసి కడుక్కుంటూ కాంపౌండరు గారికి మాత్రం మెల్లగా చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది. "పైకి అనబాకండి" అన్నారు. నేను అనలేదు. అంటే ఆ ఇరవై మందీ నన్ను ఆగనివ్వరని నాకు తెలుసు.

"ముందు సెలైన్ ఎక్కాలండీ. గంటన్నర పడుతుంది. తర్వాతే తిప్పుదాం" అన్నాను.

"గంటన్నరా?" అన్నాడు సర్పంచి. "ఏందమ్మా ఇది? చెక్క ఉంది, తాళ్ళున్నయ్, మనుషులున్నారు. తిప్పకుండా నీళ్ళెక్కిచ్చటమేంది?"

నేను చెబుతుండగానే ఆయన ఫోన్ తీసి మా పై అధికారికి కలిపి నా చేతికిచ్చాడు. అవతలి గొంతు విసుగ్గా, "పెద్దమనిషితో ఎందుకమ్మా? తిప్పేయ్. పోతే పోతుంది, నీ తప్పేం ఉండదు" అంది. నిజమే. తిప్పితే ఏం జరిగినా నా తప్పు కాదు. ఆగితే ఏం జరిగినా నాదే. "సెలైన్ అయ్యాక తిప్పుతాను సార్" అని ఫోన్ తిరిగిచ్చేశాను.

గుంపులో గొణుగుడు మొదలైంది. గురజాల నుంచి ఇంకో డాక్టరును పిలుద్దామని ఎవరో అన్నారు. తాళ్ళు పట్టుకున్న ఇద్దరు ముందుకొచ్చారు కూడా. అప్పుడు గోడ నీడలోంచి అక్క లేచింది. చేతుల మిరపకారం కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, తను కూలికొచ్చిన ఇంటి యజమాని ముందు నిలబడింది.

"ఆగండయ్యా. మెలి తియ్యటం రెండు నిమిషాల పనే. నా బర్రెకీ రెండు నిమిషాల్లోనే తీసింది ఈ అమ్మే. అందరం మెచ్చుకున్నాం. టీ గ్లాసులు కడిగేలోపు పోయింది. కోసి సూపిచ్చింది గూడా నాకే. ఆగమంటే ఆగండి."

సర్పంచి ఆమెను ఎగాదిగా చూశాడు. ఏం అనుకున్నాడో, తుండుగుడ్డ దులిపి అరుగు మీద కూర్చున్నాడు.

అంత పొడుగు గంటన్నర నా జీవితంలో లేదు. మెడ నరానికి సూది పెట్టి, పాక వాసానికి బాటిల్ కట్టాం. ఒకటి అయ్యేలోపు కాంపౌండరు గారు రెండోది సిద్ధంగా పట్టుకుని నిలబడేవారు. మధ్యలో చెయ్యి పెట్టి దూడను చూడాలని ఎన్నిసార్లు అనిపించిందో. చూడలేదు. చూస్తే నా మనసు మారుతుందని భయం. ఇంత చదువుకుని, తెలుసుకోవాల్సినదాన్ని కావాలని తెలుసుకోకుండా కూర్చున్నది ఆ ఒక్కసారే.

గేదె నాడి కాస్త నిలదొక్కుకున్నాక పడేశాం. కొంచెం దొర్లించి ఆపాం. ఐదు నిమిషాలు. మళ్ళీ కొంచెం. మూడోసారికి మెలి పూర్తిగా విడిపోయింది. దూడను లాగాం. పెయ్యదూడ. ఒళ్ళు ఇంకా వెచ్చగా ఉంది. ముక్కులో గడ్డిపరక పెట్టాను, ఛాతీ రుద్దాను, వెనక కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీశాం. ఊపిరి రాలేదు.

"ఎప్పుడో పోయుంటది లే" అన్నాడు సర్పంచి. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. కాంపౌండరు గారు నావైపు చూసి తల అడ్డంగా ఊపారు, వద్దన్నట్టు.

"నేను వచ్చినప్పుడు బతికే ఉందండీ. చేతికి తెలిసింది. ఆగిన గంటన్నరలో పోయింది. ఆగకపోతే దక్కేదేమో చెప్పలేను. గేదె కోసం ఆగాను. మీకు అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు" అన్నాను.

సర్పంచి లేచి నిలబడ్డాడు. "బతికున్నదాన్ని పెట్టుకుని... నన్ను అడగవా? బర్రె నీదా, నాదా?" అని అరిచాడు. ఆయన అడిగింది న్యాయమే.

వెళ్ళిపొమ్మన్నాడు. వెళ్ళలేదు. అరగంటకు గేదె వణకడం మొదలుపెట్టింది. ఇంకో బాటిల్ పెట్టాం. వణుకు తగ్గింది. ఎండ వాలే వేళకు అది కళ్ళు సగం మూసి నెమరు వేసింది. ఆ చప్పుడు వినడానికి నేనూ కాంపౌండరు గారూ దాని మూతి దగ్గర చెవులు పెట్టి కూర్చున్నాం.

తిరిగి వెళుతుంటే అక్క కూలి ముగించుకుని రోడ్డు దాకా మాతో నడిచింది. "ఎందుకు సెప్పావు డాక్టరమ్మా? వాళ్ళకి తెలిసేది గాదు" అంది.

"నీకు గుండె అని చెప్పాను కదక్కా" అన్నాను.

ఆమె నవ్వింది. ఆ విషయం తను ఎప్పుడో మర్చిపోయినట్టుంది.

సర్పంచి ఫిర్యాదు రాసిచ్చాడు. పై అధికారి నన్ను పిలిచి సంజాయిషీ అడిగారు. నేను రాసిచ్చింది చదివి, "దూడ బతికుందన్న ఈ వాక్యం కొట్టేయమ్మా. అది లేకపోతే ఫిర్యాదే నిలబడదు" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నేను కొట్టలేదు. హెచ్చరిక మెమో వచ్చింది. దాన్ని కాంపౌండరు గారు నాకన్నా ఎక్కువసార్లు చదివి, "మేడం, ఇందులో మీ పేరు తప్పు రాశారు" అని సంతోషపడ్డారు.

తర్వాతి ఏడాది ఈతల కాలంలో సర్పంచే ఫోన్ చేశాడు. ఈసారి ఇంకో గేదె. మెలే అనుకుంటున్నానన్నాడు. వెళ్ళాను. పలకరింపులేమీ లేవు.

"ముందు చెయ్యి పెట్టి చూడు. దూడ బతికుందో లేదో నాకు చెప్పు. ఆ తర్వాత సంగతి మాట్లాడదాం" అన్నాడు.

చూశాను. దూడ నా వేలు చప్పరించింది. "బతికుందండీ" అన్నాను.

"ఇప్పుడు ఎంతసేపు ఆగుతావు?"

"అరగంట."

"పోయినసారి గంటన్నర అన్నావు?"

"అప్పుడు ఎక్కువసేపు ఆగానేమోనని తర్వాత అనిపించింది. ఈ గేదెకు నొప్పులు మొదలై ఇంకా ఎక్కువసేపు కాలేదు కూడా."

"మరి అరగంట సరిపోకపోతే?"

"తెలియదండీ."

ఆయన నన్నూ గేదెనూ మార్చి మార్చి చూశాడు. పంచె ఎగగట్టి, వెళ్ళి గేదె తల దగ్గర గొంతుక్కూర్చుని, సెలైన్ బాటిల్ కోసం కాంపౌండరు గారివైపు చెయ్యి చాచాడు.

"సరే, కానీయ్. ఇట్టా తే, నేను పట్టుకుంటా" అన్నాడు.

ఆ రోజు రెండూ బతికాయి. ఎందుకు బతికాయని ఆయన అడిగాడు. ఇద్దరం అరుగు మీద కూర్చుని చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నాం.